హాగ్వార్ట్స్ మీద మీ అలక సబబే, కానీ తప్పు మీరనుకున్న చోట లేదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై దగ్గర పడ్డాక మొదటిసారి హ్యారీ పాటర్ మొదలుపెట్టారు, మొదటి మూడు పుస్తకాలు నిద్ర మానుకుని పది రోజుల్లో లాగించేశారు, నాలుగోది కాస్త బరువుగా ఉన్నా నచ్చింది, ఐదోదానికి నెల పట్టింది, ఏడోది మూసేశాక "ఇంతేనా?" అనిపించింది. స్నేహితులేమో ఇది చిన్నప్పుడే చదవాల్సింది, ఇప్పుడు చదివితే అంతే అంటున్నారు. తప్పు మీ వయసుదా, పుస్తకానిదా, పదేళ్ల మీ అక్క కూతురికి ఇవ్వచ్చా అన్నది మీరు అడిగింది. కథ మొత్తం విప్పకుండా దీనికి జవాబు చెప్పలేను, కాబట్టి ఇంకా చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

వయసుది కాదండీ. నేను ఇరవై రెండేళ్లు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఇంగ్లిష్ చెప్పాను, అందులో సగం కాలం లైబ్రరీ కూడా నా నెత్తినే ఉండేది. మొదటి మూడు పుస్తకాల అట్టలు ఊడిపోయి గోధుమరంగు టేపు మీద టేపు వేసి ఉండేవి, వెనకాల అతికించిన డేట్ స్లిప్పు నిండిపోయి దాని మీద ఇంకోటి అతికించేవాణ్ణి. ఐదోది మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉండేది. తీసుకెళ్లినవాళ్లు లేక కాదు, వారం తిరక్కుండానే తిరిగొచ్చేసేది. అంటే పన్నెండేళ్ల పిల్లలు కూడా సరిగ్గా మీరు ఆగిన చోటే ఆగారు. కాబట్టి "చిన్నప్పుడు చదవాల్సింది" అన్న మాట నేను ఒప్పుకోను.

స్నేహితుల మాటలో ఒక్క ముక్క మాత్రం నిజం ఉంది. మొదటి పుస్తకం 1997 జూన్‌లో వచ్చింది, చివరిది 2007 జూలైలో. 1997లో పదకొండేళ్ల పిల్లవాడు చివరి పుస్తకం వచ్చేసరికి ఇరవై ఒక్కేళ్లవాడు. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్యే దాదాపు మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లూ వాళ్లు ఊరికే కూర్చోలేదు, ఎవరు చస్తారు, స్నేప్ మాస్టారు మంచివాడా చెడ్డవాడా అని కొట్టుకున్నారు, సొంతంగా కథలు అల్లుకున్నారు. పుస్తకంలో లేనిదంతా వాళ్లే బుర్రలో నింపుకున్నారు. మీరు రెండు నెలల్లో ఏడూ చదివేశారు, అందుకే అతుకులన్నీ మీకు కనబడ్డాయి. నన్నడిగితే మీరు చదివిన పద్ధతే న్యాయమైనది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తూచారు.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి మూడింట్లో మిమ్మల్ని కట్టిపడేసింది మంత్రాలు కాదు, విలన్ వోల్డెమార్ట్ అంతకన్నా కాదు. హాగ్వార్ట్స్ అనే ఆ బడి. సెప్టెంబరు 1న పదకొండు గంటల రైలు, టోపీ పెట్టుకుని ఏ హౌసో తేల్చుకోవడం, టైంటేబులు, నచ్చని మాస్టారు, నచ్చిన మాస్టారు, అర్ధరాత్రి వరండాల్లో తిరిగి దొరికిపోవడం, క్రిస్మస్ సెలవలు, మ్యాచ్, పరీక్షలు, జూన్‌లో మళ్లీ రైలు. సంవత్సరం గుండ్రంగా తిరిగి మొదటికి వస్తుంది. ఎంత పెద్ద పాము వచ్చినా, ఎవడు వెంటపడినా, చివర్లో ఇంటికి పోయే రైలు వస్తుందన్న భరోసా ఉంటుంది. ఇది రచయిత్రి రౌలింగ్ కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో బోర్డింగ్ స్కూల్ నవలలకి పెద్ద వంశవృక్షమే ఉంది. రగ్బీ స్కూల్ మీద థామస్ హ్యూస్ రాసిన నవల 1857 నాటిది, ఆ తర్వాత వందల కొద్దీ వచ్చాయి, మన దగ్గర కాన్వెంట్ పిల్లలు కూడా లైబ్రరీల్లో వెతుక్కున్న ఎనిడ్ బ్లైటన్ మాలరీ టవర్స్ పుస్తకాలు 1946 నుంచి 1951 దాకా వచ్చాయి. హౌసులు, ప్రిఫెక్టులు, కప్పు, డార్మిటరీలో దొంగతిండి, అన్నీ వాటిలోవే. ఆవిడ చేసిన గొప్ప పనల్లా ఆ పాత మూసలో మంత్రదండం పెట్టడం. ఇది తక్కువ చేసి అనడం లేదు, అంత చక్కగా ఇమిడిపోయే జత దొరకడం ఆషామాషీ కాదు.

మనవాళ్లకి అది ఇంకో కారణంగా కూడా ఎక్కింది. హౌసుల గొడవ కాన్వెంట్లలో అందరికీ తెలిసిందే, రెడ్ హౌస్, బ్లూ హౌస్, స్పోర్ట్స్ డే నాడు గొంతులు పోయేలా అరుపులు. ఇక హాస్టల్ సంగతంటారా, 1971లో పీవీ నరసింహారావు గారు సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించిన దగ్గర్నుంచి ఎన్ని తరాల పిల్లలు ట్రంకు పెట్టెతో ఇంటి నుంచి బయల్దేరారో. మా పిల్లలు హాగ్వార్ట్స్ విందు భోజనాల పేజీలు మళ్లీ మళ్లీ చదివేవాళ్లు. మెస్‌లో ఆ పూట ఏమిటో తెలిసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు.

సరే, ఐదో పుస్తకం తీయండి. మొదటి పుస్తకంలో ఆరో అధ్యాయానికల్లా రైలెక్కేస్తాం, మొత్తం పదిహేడు అధ్యాయాలే. ఐదోదాంట్లో రైలు పదో అధ్యాయంలో వస్తుంది. అంతదాకా దుమ్ము పట్టిన ఒక పాత ఇల్లు, అందులో పెద్దవాళ్ల రహస్య సమావేశాలు, హ్యారీ అరుపులు, ఆ అరుపులు పెద్దక్షరాల్లో అచ్చేశారు కూడా. ఎడిటర్ కత్తెర అప్పటికి భయపడిపోయిందేమోనని నా అనుమానం. కానీ ఒక మాట చెప్పనివ్వండి, బడిలో పని చేసినవాడిగా నాకు ఏడింటిలోనూ బాగా నచ్చింది ఆ ఐదోదే, రైలెక్కిన తర్వాత భాగం. కొత్త టీచరు అంబ్రిడ్జ్ వచ్చి మంత్రదండాలు లోపల పెట్టేయండి, పుస్తకం తీసి చదవండి, ప్రాక్టికల్స్ అక్కర్లేదు అంటుందే, ఆ సీను చదివి స్టాఫ్ రూంలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తర్వాత చేతిలో రాత అట్ట పట్టుకుని తోటి టీచర్ల క్లాసుల్లో వెనక కూర్చుని ఇన్‌స్పెక్షన్ చేస్తుంది, జోస్యం టీచరు ట్రెలానీ చేతులు వణుకుతుంటాయి. నేను ఎన్ని ఇన్‌స్పెక్షన్లు చూశానో, ఆ వణుకు అచ్చం అలాగే ఉంటుంది. వోల్డెమార్ట్ లాంటివాడు మనకెవరికీ తారసపడడు, అంబ్రిడ్జ్ తారసపడని మనిషి ఉండడు. కాబట్టి "ఐదోది చెత్త" అన్న మీ మాటతో మాత్రం నేను ఏకీభవించను. మొదటి తొమ్మిది అధ్యాయాలు చెత్త అనండి, చేతులు కలుపుతాను.

ఆరోది మీరు ప్రస్తావించనే లేదు, బహుశా ఐదోదాని అలసటలో చదివేసి ఉంటారు. ఎవరో పాత విద్యార్థి మార్జిన్లలో గీసి, దిద్ది, సొంత చిట్కాలు రాసుకున్న పాఠ్యపుస్తకం హ్యారీకి దొరకడం, దాన్ని చూసి క్లాస్ ఫస్ట్ రావడం, ఇంతకన్నా బడి కథ ఏముంటుంది? పుస్తకాల్లో పెన్నుతో రాసినందుకు పిల్లలకి ఫైన్ వేసిన చేత్తోనే ఆ అధ్యాయం చదివాను, కాస్త సిగ్గుపడ్డాను.

ఇక ఏడోది. మీరు రాసింది ఇదీ: "టెంట్లు, అడవులు, మళ్లీ టెంట్లు, బడి ఏమైపోయింది?" అదే నేను చెప్పాలనుకున్న సంగతి. బడి ఎక్కడికీ పోలేదు. హ్యారీ వెళ్లిపోయాడు, మనం అతని భుజం మీద కూర్చుని ఉన్నాం కాబట్టి మనల్నీ తీసుకుపోయాడు. ఏడు పుస్తకాల్లోనూ నాలుగైదు అధ్యాయాలు తప్ప కథంతా హ్యారీ చూసిందే, హ్యారీ విన్నదే. మొదటి పుస్తకాల్లో అది బలం, ఎందుకంటే కొత్త బడికి వచ్చిన పిల్లవాడి కళ్లతో చూడటం కన్నా మంచి దారి లేదు. ఏడోదాంట్లో అదే ఉరితాడైంది. ఆ ఏడాది అసలు కథ జరిగింది బడిలో, హ్యారీ లేని బడిలో.

ఇరవై తొమ్మిదో అధ్యాయం మళ్లీ తీసి చూడండి. వాపెక్కిన కన్నుతో, మొహం నిండా గాట్లతో సొరంగంలోంచి వచ్చిన నెవిల్, హ్యారీ తోటి విద్యార్థి, నాలుగు మాటల్లో ఏం చెప్తాడో గమనించండి. వోల్డెమార్ట్ మనుషులైన ఇద్దరు అన్నాచెల్లెళ్లు, కేరోలు, బడిని చేతుల్లోకి తీసుకున్నారు. మగిల్ స్టడీస్, అంటే మంత్రాలు రానివాళ్ల గురించిన పాఠం, అందరికీ తప్పనిసరి చేసి అందులో విషం ఎక్కిస్తున్నారు. డిటెన్షన్ పడ్డ తోటి పిల్లల మీద హింసించే మంత్రం ప్రాక్టీస్ చెయ్యమని క్లాసులోనే చెప్తున్నారు. నెవిల్ చెయ్యనన్నాడు. గొలుసులతో కట్టేసిన ఫస్టియర్ పిల్లవాణ్ణి విడిపిస్తూ ఒకడు దొరికిపోయాడు, వాణ్ణి చిత్రహింసలు పెట్టారు. రాత్రిళ్లు గోడల మీద రాతలు. నెవిల్, జిన్నీ, లూనా కలిసి హెడ్మాస్టర్ గదిలోంచి కత్తి ఎత్తుకుపోబోయారు. క్రిస్మస్ సెలవలకి వెళ్తుంటే లూనాని రైల్లోంచే పట్టుకుపోయారు, ఈస్టర్ తర్వాత జిన్నీ తిరిగి రాలేదు. చివరికి నెవిల్ ఒక గదిలో దాక్కున్నాడు, ఒక్కొక్కరే వచ్చి చేరారు, ఆ గదే వాళ్లకి కావలసినన్ని ఉయ్యాల పడకలు సమకూర్చింది.

ఇది నవల కాదా? మొదటి పుస్తకంలో తన కప్పనే సరిగ్గా చూసుకోలేని పిల్లవాడు, మూడో పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువగా తన టీచర్ స్నేప్‌కే భయపడ్డవాడు, ఆ టీచరే హెడ్మాస్టర్‌గా ఉన్న బడిలో ఉండి ఎదురు తిరిగాడు. ఆరు పుస్తకాలుగా మనం ఎదురుచూసిన బడి కథ అదే. మనకి దక్కింది పోయినవారం జరిగిన పెళ్లి గురించి ఎవరో బస్టాండులో చెప్పినట్టు ఓ అధ్యాయంలో సగం.

స్నేప్ విషయం కూడా ఇదే. ఆయన మంచివాడని ముప్పై మూడో అధ్యాయంలో జ్ఞాపకాల గిన్నెలో చూపించి ఒప్పించబోతారు. మీకు నమ్మకం కుదరలేదన్నారు, నాకూ పూర్తిగా కుదరలేదు, ఒక చనిపోయిన అమ్మాయి మీద ప్రేమ అన్నది పిల్లల్ని ఏళ్ల తరబడి క్లాసులో ఏడిపించినదానికి సంజాయిషీ కాదు. కానీ కత్తి దొంగతనంలో దొరికిన ముగ్గురికీ ఆయన వేసిన శిక్ష ఏమిటో గుర్తుందా? పిల్లలకి ఆప్తుడైన హాగ్రిడ్‌తో కలిసి అడవిలో పని. కేరోల చేతికి అప్పగించకుండా, బయటికి కఠినంగా కనబడేలా, హాగ్రిడ్ పక్కకి తోసేశాడు. అది ఒక్క వాక్యంలో దాటిపోయింది. ఆ ఏడాదంతా ఆ కుర్చీలో కూర్చుని ఆ మనిషి ఎన్నిసార్లు అలా తప్పించి ఉంటాడో, ఎన్నిసార్లు తప్పించలేకపోయి ఉంటాడో, అది చూపిస్తే నేను ఆయన్ని క్షమించేవాణ్ణేమో.

ఇక్కడ మన కచుడు గుర్తొస్తాడు నాకు. బడి, మంత్రం, చావు కలిసిన కథ మనకి కొత్తేం కాదు కదా. శత్రువుల గురువు దగ్గర చేరి, రాక్షసుల చేతిలో మళ్లీ మళ్లీ చచ్చి, చివరికి గురువు కడుపులోంచే బతికొచ్చి మృతసంజీవని నేర్చుకుని, గడువు తీరగానే వెళ్లిపోయాడు. దేవయాని ఎంత అడిగినా ఆగలేదు. నాయకుడు బడి వదిలి వెళ్లడం తప్పు కాదు, వెళ్లాలి కూడా. కానీ ఆదిపర్వం కచుడి వెనక స్వర్గానికి పోలేదు, ఆశ్రమంలో మిగిలిపోయిన దేవయాని దగ్గరే ఉండి శర్మిష్ఠ, యయాతి దాకా ఆమె కథ నడిపింది. రౌలింగ్ కచుడి వెంటే టెంట్లు మోసుకుంటూ వెళ్లిపోయారు.

మీ మిగతా ఫిర్యాదుల్లో కొన్ని నిజమైన తప్పులే. హౌసుల సంగతి చూడండి. మొదటి పుస్తకం చివర స్లిథరిన్ హౌసుకి 472 పాయింట్లు, హ్యారీ వాళ్ల గ్రిఫిండోర్‌కి 312. హాలంతా ఆకుపచ్చ తోరణాలు కట్టేశాక హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ లేచి రాన్‌కి యాభై, హెర్మయొనీకి యాభై, హ్యారీకి అరవై, నెవిల్‌కి పది ఇస్తాడు. కూడండి, 482. అందరం చప్పట్లు కొట్టాం. క్లాసులో గట్టిగా చదివి వినిపిస్తుంటే ఒక ఏడో తరగతి పిల్ల చెయ్యెత్తి, మరి స్లిథరిన్ చిన్నపిల్లలు ఏడాదంతా సంపాదించుకున్నవి కదా సార్, తోరణాలు కట్టకముందే చెప్పొచ్చు కదా అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల అడిగిందాన్ని ఏడో పుస్తకమైనా పట్టించుకుంటుందని ఎదురుచూశాను. యుద్ధం ముందు ఒక అమ్మాయి హ్యారీని పట్టి ఇచ్చేద్దామంటుంది, దాంతో స్లిథరిన్ మొత్తాన్ని ముందుగా బయటికి పంపేస్తారు. తర్వాత స్లగ్‌హార్న్ సాయం తీసుకుని తిరిగొస్తాడు, నిజమే, కానీ ఆయన టీచరు. పదకొండేళ్లకి ఒక టోపీ నీ గుణం తేల్చేయడం సరైనదేనా అని పుస్తకమే మొదలుపెట్టిన ప్రశ్న, జవాబు లేకుండా ఉండిపోయింది.

మంత్రగాళ్ల ఇళ్లలో వెట్టిచాకిరీ చేసే ఇంటి ఎల్ఫులది కూడా అంతే. నాలుగో పుస్తకంలో హెర్మయొనీ వాళ్ల కోసం సంఘం పెడితే అందరూ నవ్వుతారు, మనమూ నవ్వుతాం, కానీ చివరికి ఆ పిల్లే కరెక్ట్ అని తేలుతుందనుకుంటాం. డాబీ అనే ఎల్ఫు సమాధి హ్యారీ తన చేతుల్తో తవ్వుతాడు, అదొక్కటే ఏడోదాంట్లో నన్ను ఏడిపించింది. అంతా అయిపోయాక ఉపసంహారానికి ముందు చివరి వాక్యం ఏంటి? తన ఎల్ఫు క్రీచర్ తనకో సాండ్‌విచ్ తెచ్చిపెడతాడేమో అని హ్యారీ అనుకోవడం. ఇది మీరెలా మిస్సయ్యారో గానీ, మీ లిస్టులో లేదు. చేర్చుకోండి.

పాటిల్ అక్కచెల్లెళ్ల గురించి ఎక్కువ చెప్పను. మా స్కూల్లో ఆడపిల్లలు పార్వతి, పద్మ అన్న పేర్లు కనబడగానే పండగ చేసుకుని, తర్వాత పేజీలు తిప్పి తిప్పి వెతికేవాళ్లు. దొరికిందల్లా డాన్సుకి వెళ్లి పక్కన కూర్చుని విసుక్కున్న ఒక సాయంత్రం.

ఓడించినవాడికే లొంగే ఎల్డర్ వాండ్ అనే మంత్రదండం మీద మీ కోపం మాత్రం అన్యాయం. "కోర్టులో టెక్నికల్ పాయింట్ మీద కేసు గెలిచినట్టుంది" అన్నారు, నవ్వొచ్చింది, కానీ అందుకు కావలసినవన్నీ ముందే మన కళ్లెదుట జరిగాయి. ఆరో పుస్తకంలో టవర్ మీద స్లిథరిన్ కుర్రాడు డ్రేకో డంబుల్‌డోర్ చేతిలోని దండం ఎగరగొట్టాడు, ఏడోదాంట్లో హ్యారీ డ్రేకో చేతిలోంచి అతని దండం లాక్కున్నాడు. దండం మనిషిని ఎంచుకుంటుందని మొదటి పుస్తకంలో కొట్టువాడే చెప్పాడు. లోపం ఏమిటంటే ఈ చట్టం పూర్తిగా చివరి పుస్తకంలో గానీ చదివించలేదు, దాంతో ఆట మధ్యలో రూల్స్ మార్చినట్టు అనిపిస్తుంది. అయినా గెలిపించింది బలం కాదు, పన్నెండేళ్ల పిల్లలకి కూడా వచ్చే దండం ఎగరగొట్టే చిన్న మంత్రం. బడిలో నేర్చుకున్నది. అది నాకు నచ్చింది.

పంతొమ్మిదేళ్ల తర్వాత అని ఉన్న ఆ చివరి అధ్యాయం అందరికీ చేదే. దాన్ని చాలా ముందే రాసి పెట్టుకున్నానని ఆవిడే చెప్పారు, చదువుతుంటే అది తెలిసిపోతుంది కూడా, మొదటి పుస్తకం రాసిన చెయ్యి అది, ఏడు పుస్తకాలు రాసి అలిసిన చెయ్యి కాదు. పాత బడి నవలలన్నిటికీ చివర్లో బడికి తిరిగి రావడం రివాజు, 1857 నాటి ఆ నవల కూడా పాత విద్యార్థి తిరిగొచ్చి స్కూలు చర్చిలో కూర్చోవడంతోనే ముగుస్తుంది. రౌలింగ్ రైలు దగ్గరికి తిరిగొచ్చారు. వచ్చినందుకు కాదు నా ఫిర్యాదు, ఆ రైలు పోయే బడి ఈ పంతొమ్మిదేళ్లలో ఏమైనా మారిందా అంటే కొత్త పిల్లవాడు అప్పటికీ స్లిథరిన్‌లో పడతానేమోనని భయపడుతూనే ఉన్నాడు. నెవిల్ అక్కడ ప్రొఫెసర్ అయ్యాడని ఒక్క మాట ఉంది, నేనైతే దాన్ని పట్టుకుని వేలాడుతున్నాను.

మంత్రాల బడి కథే, కానీ బడి వదిలి వెళ్లాక కూడా నిరాశపరచనిది కావాలంటే ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ చదవండి. చిన్న పుస్తకం. అందులో బడి కొద్ది అధ్యాయాలే ఉంటుంది, కుర్రవాడు పొగరుతో అక్కడ ఒక తప్పు చేస్తాడు, మిగతా పుస్తకమంతా ఆ తప్పు వెనకాలే నడుస్తుంది. బడి కనబడకపోయినా బడిలో జరిగింది వదిలిపోదు. రౌలింగ్ దగ్గర దొరికే నవ్వు మాత్రం అందులో దొరకదు, ముందే చెప్తున్నా.

అక్క కూతురికి తప్పకుండా ఇవ్వండి. మొదటి మూడూ ఇచ్చి మీరు నోరు మూసుకోండి, ఆ 472, 482 లెక్క కూడా ముందే చెప్పొద్దు, తనే అడుగుతుందేమో చూడండి. ఇంగ్లిష్ కష్టంగా ఉంటే మొదటి నాలుగైదు అధ్యాయాలు మీరే చదివి తెలుగులో చెప్పండి, రైలెక్కాక తనే లాక్కుని చదువుకుంటుంది. నాలుగోది ఓ ఏడాది ఆగి ఇవ్వండి, అందులో ముప్పై రెండో అధ్యాయం నుంచి మీరు పక్కన ఉండండి, అక్కడ ఒక పిల్లవాడు చచ్చిపోతాడు, అప్పటిదాకా చదివినదానికీ దానికీ పోలిక లేదు. ఐదోది తను అడిగేదాకా మాట్లాడకండి. అడిగితే ఇచ్చి, రైలు పదో అధ్యాయంలో వస్తుందని మాత్రం చెప్పండి.